వాకిట్లోకి వైఫై: బళ్ళు నిలిపే చోటికి సిగ్నల్ తెచ్చుకునే 20 చిట్కాలు

చేజర్ల, ఆత్మకూరు, అనంతసాగరం, ఉదయగిరి వైపు చాలా ఇళ్ళది ఒకటే తీరు. వెనక మిద్దె, ముందు వాకిలి, ఓ పక్కగా రేకుల షెడ్డు. ట్రాక్టరు, మోటారు సైకిలు, కారు, ఈ మధ్య కొత్తగా వచ్చిన కరెంటు స్కూటరు అన్నీ ఆ షెడ్డు కిందే నిలుస్తాయి. పొద్దుగూకితే ఇంటిల్లిపాదీ చేరేదీ ఆ వాకిట్లోకే. పిల్లలు చదువుకునేది అక్కడ, పెద్దవాళ్ళు బెంగళూరులోనో కువైట్‌లోనో ఉన్న బిడ్డలతో మాట్లాడేది అక్కడ. వైఫై డబ్బా మాత్రం నట్టింట్లో టీవీ పక్కన కూర్చుని ఉంటుంది.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు లాగి, ఊరి కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే ఫోను, టీవీ, నెట్టు మూడూ కలిపి ఇచ్చిన పథకం అది. దానితోపాటు బీఎస్‌ఎన్‌ఎల్, ప్రైవేటు కంపెనీల లైన్లూ పల్లెల్లోకి వచ్చాయి. అలా లైను ఇంటి గడప దాకా వచ్చేసింది. గడప నుంచి వాకిట్లోకి తెచ్చుకునే పని మనది.

ఆ పనికి ఒక్క సూత్రం చాలు: తీగ వెళ్ళగలిగినంత దూరం తీగతోనే తీసుకెళ్ళండి, చివరి నాలుగు బారలు మాత్రమే గాలిలో పోనివ్వండి. కింద చెప్పే చిట్కాల్లో చాలావి ఈ మాట మీదే నడుస్తాయి. డబ్బు ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తర్వాత రాశాను. ఆ వరసలోనే ప్రయత్నించండి.

1. ఎందుకు కావాలో ముందు తేల్చుకోండి

షెడ్డులో కూర్చుని ఫోనులో మాట్లాడటానికా, బళ్ళ మీద కెమెరా పెట్టడానికా, స్కూటరు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోవడానికా, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకా? వాట్సాప్ వీడియో కాల్‌కు ఒకటి రెండు ఎంబీపీఎస్ చాలు. మంచి నాణ్యతతో వీడియో చూడటానికి ఐదు ఎంబీపీఎస్ సరిపోతుంది. ఒక్కో కెమెరా రెండు నుంచి నాలుగు దాకా తీసుకుంటుంది. అంటే వాకిట్లో కావలసింది పెద్ద స్పీడు కాదు, తెగకుండా నిలబడే సిగ్నల్. ఇది గుర్తుంటే అంగడిలో అక్కరలేని ఖరీదైన డబ్బా కొనరు.

2. ఫోనుతోనే కొలిచి చూడండి

ఫోనులో కనిపించే గీతలను నమ్మవద్దు. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఎనలైజర్ రకం యాప్ ఒకటి వేసుకుంటే సిగ్నల్ బలం డీబీఎం లెక్కలో కనిపిస్తుంది. అది మైనస్ అంకెల్లో ఉంటుంది. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలుస్తుంది. మైనస్ 75 దాటితే కాల్ తెగుతుంది, మైనస్ 80 దాటితే పేరు కనిపిస్తుంది గాని పని జరగదు. డబ్బా దగ్గర, వసారాలో, మెట్ల దగ్గర, షెడ్డు మధ్యలో, గేటు దగ్గర ఇలా ఐదు చోట్ల కొలిచి కాగితం మీద రాసుకోండి. బళ్ళన్నీ షెడ్డులో ఉన్నప్పుడు, తలుపులు వేసి కొలవాలి. ఖాళీ షెడ్డులో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఏం మార్చినా మళ్ళీ అవే ఐదు చోట్ల చూడండి.

3. డబ్బాను షెడ్డు వైపు గదిలోకి మార్చండి

అన్నిటికన్నా చవకైన మార్గం ఇదే. అడ్డేమీ లేని చోట కూడా దూరం రెట్టింపైతే సిగ్నల్ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి డబ్బా పది అడుగులు ముందుకు జరిగినా తేడా తెలుస్తుంది. షెడ్డు వైపు కిటికీ పక్కన, మనిషి తల ఎత్తుకు పైన పెట్టండి. బీరువా మీద, టీవీ వెనక, గూట్లో పెట్టకండి. ఫైబరు తీగను మీరే లాగి మడవకండి. అందులో ఉండేది వెంట్రుక మందాన గాజు, బిగుతుగా వంచితే వెలుతురు పక్కకు జారిపోతుంది. పొడవైన తీగ వేయమని కేబుల్ ఆపరేటర్‌ను అడిగితే చాలావరకు కుదురుతుంది. కుదరకపోతే ఫైబరు డబ్బాను కదపకుండా, దాని వెనక లాన్ రంధ్రం నుంచి తీగ తీసుకుని వేరే రౌటర్‌ను ముందు గదిలో పెట్టుకోవచ్చు.

4. ఏది అడ్డుపడుతోందో కనిపెట్టండి

ఇటుక గోడ కొంత మింగుతుంది, కంబి వేసిన కాంక్రీటు ఇంకా ఎక్కువ మింగుతుంది. పాత మట్టి మిద్దెల మూరెడు మందం గోడలు దాదాపు ఆపేస్తాయి. వానకు నానిన గోడ ఎండిన గోడకన్నా ఎక్కువ అడ్డు, ఎందుకంటే నీళ్ళు ఈ తరంగాలను పీల్చుకుంటాయి. నీళ్ళ ట్యాంకు, వానలో తడిసిన వేపచెట్టు కూడా అంతే.

చాలామంది గమనించనిది కిటికీకి కొట్టిన దోమల జాలీ. ఇనుముదో అల్యూమినియందో అయితే అది సిగ్నల్‌ను గోడకన్నా గట్టిగా ఆపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జాలీ రంధ్రం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. నైలాను జాలీకి మార్చితే దారి తెరుచుకుంటుంది. వెడల్పుగా ఉన్న ఊచల కిటికీతో అంత ఇబ్బంది లేదు. షెడ్డు రేకుల సంగతీ చూడండి. సిమెంటు రేకు కొంత దారి ఇస్తుంది, ఇనప రేకు ఇవ్వదు.

5. యాంటెన్నాలను సరిగ్గా నిలబెట్టండి

డబ్బాకున్న కడ్డీని షెడ్డు వైపు వేలుపెట్టి చూపినట్టు వంచుతుంటారు. అది తప్పు. కడ్డీ యాంటెన్నా నుంచి సిగ్నల్ గారె ఆకారంలో చుట్టూ పరుచుకుంటుంది. కడ్డీ కొన వైపు వెళ్ళేది చాలా తక్కువ. డబ్బా, షెడ్డు ఒకే ఎత్తులో ఉంటే కడ్డీలు నిలువుగా ఉండాలి. డబ్బా మిద్దె మీద గదిలో, షెడ్డు కింద ఉంటే ఒక కడ్డీని నిలువుగా, ఇంకొకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. లోపలే యాంటెన్నాలున్న డబ్బా అయితే నాలుగు వైపులా తిప్పి, ఏ వైపు పెట్టినప్పుడు కొలత మెరుగ్గా ఉందో చూడండి.

6. వాకిలికి 2.4 గిగాహెర్ట్జ్, గదికి 5 గిగాహెర్ట్జ్

ఇప్పటి డబ్బాలు రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో స్పీడు ఎక్కువ, కాని ఒకే బలంతో పంపినా అదే దూరానికి నాలుగైదు రెట్లు తగ్గి చేరుతుంది, గోడలను దాటడమూ కష్టం. 2.4 గిగాహెర్ట్జ్‌లో స్పీడు తక్కువైనా దూరం పోతుంది. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ఉంటే వాకిట్లోకి వచ్చినా ఫోను 5 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుని వేలాడుతుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి రెండిటికీ వేరే పేర్లు పెట్టి, షెడ్డులో 2.4 పేరును ఎంచుకోండి. చాలా కెమెరాలు 2.4లోనే పనిచేస్తాయి కాబట్టి వాటికీ ఇదే కావాలి.

7. చానల్ 1, 6, 11ల్లో ఏదో ఒకటి పెట్టండి

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 చానళ్ళు ఉన్నాయి గాని పక్కపక్క చానళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి. 1, 6, 11 మాత్రమే ఒకదానికొకటి అడ్డురావు. ఇరుగుపొరుగు వాళ్ళ వైఫైలు ఏ చానల్‌లో ఉన్నాయో ఎనలైజర్ యాప్ చూపిస్తుంది. ఖాళీగా ఉన్నదాన్ని తీసుకోండి. చానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించండి. స్పీడు కొంచెం తగ్గినా దూరంలో నిలకడ పెరుగుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ బ్యాండ్‌లోనే పనిచేస్తుంది కాబట్టి డబ్బాను దాని పక్కన పెట్టకండి.

8. రిపీటర్‌ను సిగ్నల్ ఉన్నచోటే పెట్టండి

ప్లగ్గులో గుచ్చే రిపీటర్ తెచ్చి, సిగ్నల్ అందని షెడ్డులోనే గుచ్చి, పనిచేయడం లేదంటారు. రిపీటర్ తనకు అందిందే మళ్ళీ పంపుతుంది, అందనిదాన్ని పుట్టించలేదు. మైనస్ 60, 65 మధ్య కొలత వచ్చే చోట, అంటే తరచుగా ముందు గది తలుపు పక్కనో వసారాలోనో గుచ్చాలి. అదే రేడియోతో వినడం, పంపడం రెండూ చేసే రిపీటర్ వల్ల స్పీడు దాదాపు సగమవుతుంది. ఇరవై ముప్పై అడుగుల్లో ఉన్న షెడ్డులో మాటలకు, మెసేజీలకు ఇది చాలు. కెమెరాలకు దీని మీద ఆధారపడవద్దు.

9. మూలన పడేసిన పాత రౌటర్‌ను వాడుకోండి

కనెక్షను మారినప్పుడు మిగిలిపోయిన రౌటర్ ఇంట్లో ఉంటే అదే వాకిలి వైఫై అవుతుంది. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకుంటే పని అయిపోయింది. లేకపోతే మూడు పనులు చేయాలి. పెద్ద డబ్బా, అంటే ఫైబరు లైను వచ్చే డబ్బా, చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. దీనిలో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపేయండి. పెద్ద డబ్బా లాన్ రంధ్రం నుంచి వచ్చిన తీగను దీని లాన్ రంధ్రంలోనే గుచ్చండి, వాన్ అని రాసి ఉన్నదాన్ని ఖాళీగా వదలండి. చానల్ మాత్రం పెద్ద డబ్బాది 1 అయితే దీనికి 6 లేదా 11 ఇవ్వండి. దీన్ని వసారాలో నీడన, వాన జల్లు పడని చోట బిగించండి. గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టెలో మూసిపెట్టవద్దు.

10. తీగ కొనేటప్పుడు రాగిదే అడగండి

క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 తీగ కావాలి. ఈ తీగ 100 మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుంది, ఇంటి నుంచి షెడ్డుకు అంతకన్నా దూరం చాలా అరుదు. చవకగా దొరికే వాటిలో కొన్ని లోపల అల్యూమినియం, పైన రాగి పూత. గీకి చూస్తే తెల్లటి లోహం బయటపడుతుంది. అవి త్వరగా తెగుతాయి, అదే తీగలో కరెంటు పంపితే వేడెక్కుతాయి. పూర్తి రాగి తీగ, అదీ ఎండకు తట్టుకునే నల్లటి ఔట్‌డోర్ రకం అడగండి. ఇంట్లో వాడే తెల్లటి తీగ తొడుగు మన ఎండలకు కొన్నాళ్ళకే పెళుసెక్కి పగులుతుంది. కొలతకన్నా రెండు మూడు మీటర్లు ఎక్కువే కొనండి.

11. తీగను గొట్టంలో వేయండి

వాకిలి అడ్డంగా తీగ పోవాలంటే అడుగున్నర లోతున కాలవ తీసి పీవీసీ గొట్టంలో వేయించండి. ట్రాక్టరు తిరిగే దారి అయితే ఇంకాస్త లోతు మంచిది. గొట్టంలో తీగతోపాటు ఒక నైలాను తాడు కూడా వేసి ఉంచండి. రేపు ఇంకో తీగ కావాలంటే మళ్ళీ తవ్వే పని లేకుండా ఆ తాడుతో లాగేయవచ్చు. ఇంటి కరెంటు వైర్లున్న గొట్టంలో దీన్ని వేయకూడదు. పక్కపక్కనే పోవలసి వస్తే అడుగు ఎడం ఉంచండి, దాటవలసి వస్తే అడ్డంగా సూటిగా దాటించండి.

గోడకు రంధ్రం వేసేటప్పుడు బయటి వైపు వాలుగా ఉండాలి, అప్పుడు వాన నీళ్ళు లోపలికి రావు. తీగ డబ్బాలోకి పోయే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి. తీగ వెంబడి జారిన నీళ్ళు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతాయి. ఎలుకలు, ఉడుతలు కొరుకుతాయి కాబట్టి గోడ మీద పోయే తీగకూ గొట్టం తొడగండి. కోతులు తిరిగే ఊరైతే వేలాడే తీగ అసలు వద్దు.

12. బయట పెట్టడానికి బయటి డబ్బానే కొనండి

ఇంట్లో వాడే రౌటర్లు ఎక్కువగా 40 డిగ్రీల వేడి వరకే తయారుచేసినవి. ఏప్రిల్, మే నెలల్లో మన మెట్ట ప్రాంతంలో నీడలోనే అంత వేడి ఉంటుంది, ఇనప రేకు కింద ఇంకా ఎక్కువ. షెడ్డులోనే డబ్బా బిగించాలంటే ఔట్‌డోర్ యాక్సెస్ పాయింట్ కొనండి. దాని మీద ఐపీ65 గాని ఐపీ67 గాని రాసి ఉండాలి. మొదటి అంకె 6 అంటే దుమ్ము దూరదని, రెండో అంకె 5 అంటే నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని అర్థం. రెండో అంకె 7 అయితే కాసేపు నీళ్ళలో మునిగినా పాడవదు. ఎంత వేడి దాకా పనిచేస్తుందో కూడా చదవండి, 60 డిగ్రీలు ఉంటే నిశ్చింత.

బిగించే చోటు ముఖ్యం. ఇనప రేకు పైన పెడితే కింద ఉన్నవారికి అందదు. రేకు అంచు కింద, స్తంభానికి ఎనిమిది పది అడుగుల ఎత్తున, బళ్ళ వైపు చూసేలా బిగించండి. బళ్ళ ఇనుము మీదుగా సిగ్నల్ కిందికి దిగాలంటే ఆ ఎత్తు కావాలి.

13. ఒకే తీగలో నెట్టు, కరెంటు

ఔట్‌డోర్ డబ్బాకు షెడ్డులో ప్లగ్ పాయింట్ వెతకనక్కరలేదు. పీఓఈ పద్ధతిలో నెట్టు తీగలోనే కరెంటు కూడా పోతుంది. ఇంజెక్టర్ అనే చిన్న అడాప్టర్ ఇంట్లో ఉంటుంది, వానలో తడిసే చోట 230 వోల్టుల పని ఉండదు. ఇంట్లో చిన్నపిల్లలు, దొడ్లో పశువులు తిరిగే చోట ఇది పెద్ద రక్షణ. ఒక్క జాగ్రత్త: 802.3ఏఎఫ్ ప్రమాణం వాటికి 48 వోల్టుల దాపున పోతుంది, కొన్ని డబ్బాలు మాత్రం 24 వోల్టులవి. ఒకదాని ఇంజెక్టర్ ఇంకొకదానికి పెడితే కాలిపోవచ్చు. డబ్బాతో వచ్చిన ఇంజెక్టర్‌నే వాడండి, దాని మీద ఏ డబ్బాదో రాసి అంటించండి.

14. పిడుగును తక్కువగా చూడకండి

వేసవి చివర గాలివానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన ప్రాంతానికి మామూలే. బయట పారిన రాగి తీగలోకి పిడుగు విసురు దిగితే డబ్బాలే కాదు, దానికి తగిలించిన టీవీ కూడా పోతుంది. డబ్బాను మిద్దె మీద అన్నిటికన్నా ఎత్తైన గొట్టానికి కట్టకండి. తీగ ఇంట్లోకి వచ్చేచోట ఈథర్‌నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దాన్ని ఇంటి ఎర్త్‌కు కలపండి. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. వేసవిలో గుంతలో నీళ్ళు పోయించండి.

పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కూడా పిడుగు హెచ్చరికలు పంపుతుంది. హెచ్చరిక రాగానే షెడ్డుకు పోయే తీగను పీకేయండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం తీగల జోలికి పోవద్దు, డబ్బాకన్నా మనిషి ముఖ్యం.

15. కరెంటు పోయినా నిలబడేలా చూడండి

ఫైబరు ఇళ్ళకు వచ్చే జీపాన్ పద్ధతిలో, ఆపరేటర్ దగ్గరి పరికరానికీ మీ డబ్బాకూ మధ్య కరెంటుతో నడిచేది ఏదీ ఉండదు. అందుకే ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉండి, మీ డబ్బాకూ కరెంటు అందితే ఊరంతా చీకటైనా నెట్టు నడుస్తుంది. అడాప్టర్ మీద 12 వోల్టులు, ఒక ఆంపియర్ అని ఉంటే అది గరిష్ఠంగా 12 వాట్లు. అలాంటి డబ్బాకు 30 వాట్ అవర్ల మినీ యూపీఎస్ రెండు గంటలు నిలబడుతుంది. వోల్టులు సరిపోవాలి, యూపీఎస్ ఇవ్వగల ఆంపియర్లు అడాప్టర్ మీద రాసినదానికన్నా తగ్గకూడదు. ఫైబరు డబ్బాకూ, షెడ్డు డబ్బా ఇంజెక్టర్‌కూ రెండిటికీ బ్యాకప్ ఉండాలి. ఒకదానికే పెడితే ఉపయోగం లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రెండిటినీ ఆ లైను ప్లగ్గులోనే గుచ్చండి.

16. కల్లం దాకా, తోట దాకా కావాలంటే

కొందరికి హార్వెస్టరు, ట్రాక్టరు ఇంటి దగ్గర నిలిపే చోటుండదు. ఊరి బయట కల్లంలోనో నిమ్మతోట పక్కనో షెడ్డు ఉంటుంది. వంద మీటర్లు దాటితే రాగి తీగ కుదరదు. రెండు దారులున్నాయి.

ఒకటి, ఎదురెదురుగా చూసుకునే 5 గిగాహెర్ట్జ్ రేడియోల జత. ఒకటి మిద్దె మీద, ఒకటి షెడ్డు మీద. ఒకదాని నుంచి ఇంకొకటి కంటికి కనిపించాలి. కనిపిస్తే చాలదు, దారిలో చుట్టూ ఖాళీ కూడా ఉండాలి. 300 మీటర్ల దూరానికి దారి మధ్యలో, రెండిటినీ కలిపే గీత చుట్టూ ఆరేడు అడుగుల మేర చెట్టు కొమ్మలు రాకూడదు. చిన్న చెట్లయితే నాలుగేళ్ళ తర్వాత ఎంత ఎదుగుతాయో ఇప్పుడే ఆలోచించండి.

రెండోది, సొంతంగా ఫైబరు వేసుకుని రెండు కొనల్లో ఫైబరును లాన్ తీగకు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టడం. లోపల ఇనప తీగ లేని రకం ఫైబరు పిడుగు విసురును మోసుకురాదు. పొలం మీదుగా పోయే చోట ఇదే మేలు. తీగ లాగడానికి కరెంటు శాఖ స్తంభాలను మాత్రం వాడుకోకండి. అది ప్రాణాపాయం, నేరం కూడా. ఈ రెండూ కుదరకపోతే, సెల్ సిగ్నల్ బాగున్న చోట సిమ్ వేసే 4జీ రౌటర్ తోటకు సరిపోతుంది.

17. కెమెరాలకు తీగే మేలు

బళ్ళ కాపలాకే వైఫై అనుకుంటే, షెడ్డు దాకా తీగ వేశాక కెమెరాను కూడా ఆ తీగకే కలపండి. అక్కడ ఒక చిన్న పీఓఈ స్విచ్చు పెడితే రెండు మూడు కెమెరాలు ఒకే తీగ మీద నడుస్తాయి. వైఫై కెమెరానే వాడితే అందులో మెమరీ కార్డు వేయండి, నెట్టు పోయినా రికార్డింగు ఆగదు. నాలుగు కెమెరాలు పగలూ రాత్రీ బయటి సర్వరుకు వీడియో పంపుతుంటే, ఒక్కోదానికి రెండు చొప్పున లెక్కేసినా ఎనిమిది ఎంబీపీఎస్ అప్‌లోడ్ అక్కడికే పోతుంది. మీ ప్లానులో అప్‌లోడ్ ఎంతో ఆపరేటర్‌ను అడగండి. కెమెరా చూపు మీ వాకిలి వరకే ఉండాలి, ఎదురింటి గడప మీద పడకూడదు.

18. సిగ్నల్ ప్రహరీ దాటుతుంది, పాస్‌వర్డు గట్టిగా ఉండాలి

వాకిట్లోకి తెచ్చిన వైఫై వీధిలోకీ పోతుంది. మీ కనెక్షను మీద ఎవరైనా తప్పుడు పని చేస్తే మొదట అడిగేది మిమ్మల్నే. సెక్యూరిటీ సెట్టింగులో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టండి. ఫోను నంబరు, ఇంటిపేరు, పుట్టిన ఏడాది పాస్‌వర్డుగా వద్దు. పన్నెండు అక్షరాలకు తగ్గకుండా పెట్టుకోండి. బటను నొక్కితే కలిసే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. డబ్బా సెట్టింగుల్లోకి పోయే పాస్‌వర్డు కంపెనీ ఇచ్చినదే ఉంటే ఈ రోజే మార్చండి. వచ్చిపోయే చుట్టాలకు, పనివాళ్ళకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి, అందులో ఉన్నవారికి మీ కెమెరాలు కనిపించవు.

19. బూస్టర్ల మాటల్లో పడకండి

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను మన దేశంలో 2005లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలారు. అయితే బలానికి హద్దు ఉంది, యాంటెన్నాతో కలిపి నాలుగు వాట్లు మించకూడదు. ఆ హద్దు దాటే యాంప్లిఫయర్లు చట్టవిరుద్ధం, పైగా వ్యర్థం. డబ్బా ఎంత గట్టిగా అరిచినా ఫోను తిరిగి జవాబు చెప్పాలి కదా, ఫోను బలం పెరగదు. సగం సంభాషణతో నెట్టు నడవదు.

అనుమతి లేకుండా సెల్ సిగ్నల్ బూస్టర్లు పెట్టడం కూడా నేరమే. వెలికొండల వైపు ఊళ్ళలో ఇంటి దగ్గర సెల్ సిగ్నల్ సరిగా అందకపోతే ఫోనులో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి. మామూలు నంబరు నుంచే, మామూలు కాల్‌గానే వెళ్తుంది. షెడ్డులో వైఫై ఉన్నందుకు దక్కే పెద్ద లాభాల్లో ఇదొకటి.

20. ఏ ఇంటికి ఏది?

షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంటే డబ్బాను ముందు గదికి మార్చడం, జాలీ మార్చడం, 2.4 ఎంచుకోవడం చాలు. పైసా ఖర్చు లేకుండా, లేదా జాలీ ఖర్చుతోనే పని అయిపోతుంది.

ముప్పై నలభై అడుగుల దూరం, మధ్యలో రెండు గోడలు ఉంటే వసారా దాకా తీగ లాగి పాత రౌటర్ పెట్టండి. తీగ అసలు కుదరని అద్దె ఇల్లైతే రిపీటర్ వాడండి.

వాకిలికి ఆ చివర ఇనప రేకుల షెడ్డు, కెమెరాలు కూడా కావాలంటే గొట్టంలో రాగి తీగ, పీఓఈ, ఐపీ65 డబ్బా, సర్జ్ ప్రొటెక్టర్ నాలుగూ కలిపి ఒకేసారి చేయించండి. ఇందులో ఏ ఒక్కటి మిగుల్చుకున్నా మొదటి వానాకాలానికే మళ్ళీ ఖర్చు.

వంద మీటర్లు దాటితే రేడియో జత గాని ఫైబరు గాని వేయించండి.

కొత్తగా ఇల్లు కడుతున్నవారికి ఒక మాట. పునాది స్థాయిలోనే నట్టింటి నుంచి షెడ్డుకు, గేటుకు ఖాళీ గొట్టం ఒకటి వేయించమని మేస్త్రీకి చెప్పండి. ఇప్పుడు దానికయ్యేది గొట్టం ఖరీదే. బండలు పరిచాక అదే పని చేయించాలంటే బండలు పగలగొట్టే కూలీ, మళ్ళీ పరిచే కూలీ కూడా కలుస్తాయి. ఈ రోజు ఆ గొట్టంలో రాగి తీగ పోతుంది, రేపు ఫైబరు పోతుంది. డబ్బాలు ఐదారేళ్ళకు మారిపోతాయి. దారి మాత్రం ఇల్లున్నంత కాలం పనికొస్తుంది, అందుకే డబ్బా ఎంపికకన్నా ముందు దారి ఆలోచించండి.